ఎవరికి ఏ వేషం

నెల రోజులుగా మా ఎర్రమంజిల్ ఫ్లాట్‌లో పల్నాటి యుద్ధం జరుగుతోంది. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు, హిస్టరీ. వాళ్ల క్లాసు పిల్లలు పన్నెండు మంది కలిసి కారంపూడి వెళ్తారట. ఊరికే చూసి రావడం కాదు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, ఆ మనిషి అప్పుడు అలా ఎందుకు చేసిందీ అక్కడే నిలబడి వాదించాలట. మెట్రో దిగితే ఐదు నిమిషాల్లో మా ఇల్లు, కాబట్టి మీటింగులన్నీ మా హాల్లోనే. టీలు, ఉప్మాలు నా వంతు.

మొదట గోల్కొండ అనుకున్నారు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకున్న కోట మనకి ఇంత దగ్గర్లో ఉంది కదా! "స్కూల్లో నాలుగుసార్లు తీసుకెళ్లారు ఆంటీ" అని ఒకమ్మాయి మూతి ముడిచింది. బొబ్బిలి అంటే రాత్రిళ్లు బయట ఉండాలి, ఆడపిల్లల ఇళ్లల్లో ఒప్పుకోరు. అప్పుడు పల్నాడు పేరు చెప్పింది నేనే. బి.ఏ. తెలుగులో శ్రీనాథుడి ద్విపదగా చెప్పుకునే 'పల్నాటి వీరచరిత్ర' చదివి పాతికేళ్లయింది. ఇన్నాళ్లకి నా చదువు ఎవరికో పనికొచ్చిందని లోపల ఎంత పొంగిపోయానో మీకు చెప్పనక్కర్లేదు.

తెల్లారి ఐదింటికి బయల్దేరి, సాగర్ మీదుగా మాచర్ల. అది మలిదేవరాజు, బ్రహ్మనాయుడు ఉన్న వైపు. చెన్నకేశవస్వామి గుడి చూసుకుని గురజాల. అది నలగామరాజు, నాగమ్మల వైపు. అక్కణ్ణించి కారంపూడి. 12వ శతాబ్దంలో సవతి అన్నదమ్ములు కొట్టుకు చచ్చిన నాగులేటి ఒడ్డు అక్కడే. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ ఉత్సవాలు చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పిల్లలు అప్పుడే వెళ్దామన్నారు. నేను వద్దన్నాను. అక్కడివాళ్లకి అది నాటకం కాదు. ఆ వీరులు వాళ్లకి దేవుళ్లు, వాళ్ల ఆయుధాలకి పూజ చేస్తారు. మధ్యలో మన వేషాలెందుకు? జనవరిలో ఒక ఆదివారం వెళ్లాలని, వీరుల గుడిలో దణ్ణం పెట్టుకుని రావాలని, వాదనలన్నీ ఏటి ఒడ్డునే అని తేల్చాం.

ఆ సాయంత్రం హాల్లో చాపలు పరిచి అందరినీ కూర్చోబెట్టాను. చాపకూడు గురించి చెప్పాను. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని, మాల కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడని, గొంతు పెంచి మరీ చెప్పాను. తర్వాత కాగితం తీసుకుని పాత్రలు రాసేశాను. బాలచంద్రుడు, మాంచాల, అలరాజు... కన్నమదాసు దగ్గరికొచ్చేసరికి ఒక అబ్బాయి పేరు రాశాను. అతను "సరే ఆంటీ" అన్నాడు. అంతే.

రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా అమ్మాయి వచ్చి నిలబడింది.

"అమ్మా, వాడికి ఆ వేషమే ఎందుకిచ్చావు?"

"సేనాపతి కదే, గట్టిగా ఉంటాడని."

"మా బ్యాచ్‌లో అందరికంటే బక్కగా ఉండేది వాడే."

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆ అబ్బాయి ఓసారి మాటల్లో వాళ్ల ఊరి సంగతి, ఊళ్లో వాళ్ల పేట ఏ వైపో చెప్పాడు. నేను విని, మర్చిపోయాననుకున్నాను. నా చెయ్యి మర్చిపోలేదు. ఒట్టేసి చెప్తున్నా, రాసేటప్పుడు ఆ ఆలోచనే నాకు లేదు. లేదని చెప్పుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు. మా వారు "చిన్న విషయం, వదిలెయ్" అన్నారు. ఆయనకి చిన్నదే. ఆ అబ్బాయికి ఎంతో నాకెలా తెలుస్తుంది?

మర్నాడు ఫోన్ చేశాను. "నాన్నా, నిన్న ఆ పాత్ర నీకిచ్చింది... నేను సరిగ్గా ఆలోచించలేదు. తప్పు నాది" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు.

"అలవాటే ఆంటీ" అన్నాడు. "కన్నమదాసు గొప్పవాడే. కానీ స్కూల్లో కూడా నాకు ఇలాంటివే వచ్చేవి."

లిస్టు చింపేశాను. ఆదివారం చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేసి కుదిపాం. కన్నమదాసు మా అమ్మాయికొచ్చాడు. అలరాజు ఎవరికీ ఇష్టం లేదు, విషం తిని పోతాడు కదా. ఆ చీటీ వచ్చిన పిల్ల రెండు రోజులు అలిగింది. ఆ అబ్బాయికి నాగమ్మ వచ్చింది. అందరూ ఈలలు. అతను మాత్రం నవ్వలేదు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు వచ్చి నన్ను ప్రశ్నలతో చంపుతున్నాడు. 1947 సినిమాలో కన్నాంబ, 1966లో భానుమతి వేసిన నాగమ్మలు సరే, ఆవిడ వైపు నుంచి ఎవరైనా మాట్లాడారా అని. కోడిపందెంలో ఓడితే ఏడేళ్లు రాజ్యం వదలాలని ఒప్పుకున్నది వాళ్లే కదా, అందులో ఆవిడ తప్పేమిటని. ఆడమనిషి మంత్రిగా కూర్చుంటే ఊరంతా మాయలాడి అనక ఏమంటుందని. నేను చదువుకున్నప్పుడు నాకు రాని ప్రశ్నలు! బ్రహ్మనాయుడు చీటీ వచ్చిన కుర్రాడు ఇప్పటికే భయపడుతున్నాడు.

బస్సుకి అడ్వాన్సు ఇచ్చేశారు. డ్రైవరుతో కలిపి పద్నాలుగు మందికి పులిహోర, పెరుగన్నం నేను కట్టిస్తున్నాను, నేనూ వెళ్తున్నాను. ఆడపిల్లల తల్లులు నన్ను నమ్మే పంపుతున్నారు మరి.

నిన్న సాయంత్రం ఆ అబ్బాయి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"ఆంటీ, నాగమ్మకి మంచి చీర కావాలి. మీరు పెద్ద ఫంక్షన్లకి కట్టుకునేది."

గద్వాల చీర తీశాను, మెరూన్ రంగుది, పెద్ద జరీ అంచు. ముట్టుకుని చూసి, "పాడైతే?" అన్నాడు.

"ముందు కుచ్చిళ్లు పట్టుకోవడం నేర్చుకో" అని సేఫ్టీపిన్నుల డబ్బా కోసం లోపలికి వెళ్లాను.