రత్నగిరి మీద డ్రై రన్

"పెళ్లికి రిహార్సలేంట్రా, సినిమా తీస్తున్నామా?" అంది అమ్మ. మా ఆఫీసులో డ్రై రన్ లేకుండా ఏ రిలీజూ చెయ్యం. చెల్లి పెళ్లి అంతకంటే పెద్ద రిలీజు కదా! అందుకే ముహూర్తానికి ముందురోజు మధ్యాహ్నానికే అందర్నీ అన్నవరం కొండ ఎక్కించాను.

మంచి ముహూర్తం పడిందంటే సత్యదేవుడి సన్నిధిలో ఒకే రాత్రి బోలెడు పెళ్లిళ్లు. నాలుగు వైపులా సన్నాయిలే. ఏ గట్టిమేళం ఎవరిదో తెలీదు. మాది రాత్రి 1 గంట 12 నిమిషాలకి. "చెవుల్ని నమ్మకు, మన పంతులుగారి చెయ్యి చూడు" అని అడ్డుతెర పట్టే తమ్ముడికి పదిసార్లు చెప్పాను. గుడి దగ్గర నీడగడియారం ఉంది కానీ, రాత్రి ముహూర్తానికి అదేం పనికొస్తుంది?

స్టాప్‌వాచ్ పెట్టి గది నుంచి మండపానికి నడిచాం. నేనొక్కణ్ణే అయితే 6 నిమిషాలు. పిన్నులు, అత్తలతో 14. నాయనమ్మ చెప్పుల కోసం వెనక్కి వెళ్లింది, 19.

ఇక బుట్ట. మా వైపు పెళ్లికూతుర్ని మేనమామ బుట్టలో మోసుకొస్తాడు. ముందే పెళ్లికూతుర్ని కూర్చోబెట్టకూడదని అమ్మమ్మ అడ్డం పడింది. సరేనని వంటవాళ్ల దగ్గర రెండు 26 కిలోల బియ్యం బస్తాలు అడిగి తెచ్చి బుట్టలో పెట్టాను. ఇంచుమించు చెల్లి బరువే. ఒకవైపు మావయ్య, ఇంకోవైపు వాళ్లబ్బాయి. పది అడుగులు వేసి మావయ్య దించేశాడు. మొహమంతా చెమట. "అంచు గుచ్చుకుంటోందిరా" అన్నాడు. అంచుకి తువ్వాలు చుట్టాను. రెండోసారి అసలు ఎత్తలేదు.

మిగతావాళ్లని టీకి పంపి, విస్తరాకులో ప్రసాదం ఇచ్చాను. ఒక్కడే రెండు పొట్లాలు లాగించే మనిషి, చిటికెడు తీసుకుని మడిచేశాడు.

"నిరుడు గుండెకి స్టెంటు వేశార్రా. బరువులెత్తొద్దన్నారు. మీ అమ్మకి చెప్పకు, పెళ్లి అయ్యాక నేనే చెప్తాను."

"మరి రేపెలా ఎత్తుదామనుకున్నావు మావయ్యా?"

"దానికి నడకొచ్చేదాకా ఎత్తుకు తిరిగింది నేనేరా."

నా ఎక్సెల్ షీట్‌లో ఆ వరసకి ఎదురుగా 'మావయ్య, 4 నిమిషాలు' అని మాత్రమే ఉంది. ఏం మాట్లాడాలో తెలీక కిందికి చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం అమ్మకి అబద్ధం చెప్పాను. నలుగురు కుర్రాళ్లు మోస్తే ఫ్రేము బాగుంటుందని ఫొటోగ్రాఫర్ అన్నాడని. మావయ్య పక్కనే ఉండి, "మీ ఫొటోల గోల మీది" అని విసుక్కున్నట్టు నటించాడు. అమ్మ ఏమీ అనలేదు.

మర్నాడు రాత్రి బుట్ట కదిలింది. నలుగురూ మోస్తున్నారు. మావయ్య అంచు మీద చెయ్యి వేసి పక్కనే నడుస్తున్నాడు. చెల్లి కొబ్బరిబోండాం ఒళ్లో పెట్టుకుని ఆయన వేలు పట్టుకుంది. అమ్మ నా పక్కకొచ్చి మెల్లిగా అంది:

"ఫొటోగ్రాఫర్ని అడిగాలే. వాడేం అనలేదట. అన్నయ్య సంగతి వదిన నాకెప్పుడో చెప్పింది. వద్దనడానికి నాకే నోరు రాలేదు."

కాసేపటికి పక్క మండపంలో గట్టిమేళం దద్దరిల్లింది. తమ్ముడు తెర వదల్లేదు.