బుడ్డోడి చెక్క కారు

మా బ్యాచ్‌లో ఒకడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. కొడుకుతో కలిసి చెక్క కారు చేస్తున్నానని మొన్న ఫోన్ చేశాడు. అక్కడ కబ్ స్కౌట్ పిల్లలకు పైన్‌వుడ్ డెర్బీ అనే పందెం ఉంది. కొడుక్కి పెద్ద బండ్ల పందెంలో దిగే వయసు రాలేదని, కాలిఫోర్నియాలో డాన్ మర్ఫీ అనే తండ్రి 1953లో మొదలుపెట్టాడు. ఒక చెక్క దిమ్మె, నాలుగు చక్రాలు, నాలుగు మేకులు ఇస్తారు. మామూలుగా బరువు 142 గ్రాములు దాటకూడదు. ఇంజను లేదు, వాలు మీద వదలడమే.

"రంపం ఎవరి చేతిలో ఉందిరా?" అని అడిగాం. వాడు కాసేపు మాట్లాడలేదు.

మేం పదో తరగతిలో ఉండగా హాస్టల్లో మూడో తరగతి బుడ్డోడు ఒకడు చేరాడు. సాయంత్రం అయితే చాలు, గేటు పట్టుకుని ఏడుపు. రెండుసార్లు బస్టాండు దాకా పారిపోతే వాచ్‌మన్ తాత పట్టుకొచ్చాడు. మూడోసారి పోతే పేరు కొట్టేస్తానన్నారు వార్డెన్ సారు. అందుకే మేం నలుగురం వాడిని మా గదిలో పడుకోబెట్టుకున్నాం.

ఒక ఆదివారం విరిగిన బెంచీ చెక్క దొరికింది. కారు చేద్దామనగానే వాడి ఏడుపు ఆగింది. ఆక్సా బ్లేడు ముక్కతో జానెడు కోసి, గచ్చు మీద రుద్ది నునుపు చేశాం. తెగిన హవాయి చెప్పులు చక్రాలయ్యాయి. ఇరుసుకు సైకిలు చువ్వ, అది తిరగడానికి ఖాళీ రీఫిల్ ముక్క, అందులో పెన్సిలు ముల్లు పొడి. (కొబ్బరి నూనె పోస్తే దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది.) వెనకవైపు రెండు నట్లు బిగించాం. వాలు మీద బరువు వెనక ఉంటే ఎక్కువ ఎత్తు నుంచి దిగుతుంది, వేగమూ ఎక్కువే. స్థితిశక్తి పాఠం మాకు అక్కడే అర్థమైంది. పరీక్షలో రాయలేకపోయాం, అది వేరే సంగతి.

మెట్లకు బల్ల ఆనించి పక్క గది వాళ్లతో పందెం వేశాం. గెలిచాం, గంతులేశాం. తీరా చూస్తే బుడ్డోడు లేడు! గేటు దగ్గర లేడు. బస్టాండుకు పరుగెత్తాం, అక్కడా లేడు. చివరికి వంటగది వెనక కట్టెల దగ్గర దొరికాడు. మేం పారేసిన రబ్బరు ముక్కలు ఒక పుల్లకు గుచ్చుకుంటున్నాడు.

"అది మీ కారన్నా. నన్ను ముట్టనియ్యలేదు గదా" అన్నాడు.

నిజమే. వేలు తెగుతుందని ఒకరం, చెక్క పాడవుతుందని ఒకరం వాడి చేతికి ఏదీ ఇవ్వలేదు. ఆక్సా బ్లేడు వాడికిచ్చి పక్కన కూర్చున్నాం. చీకటి పడేదాకా కోశాడు. ఆ కారు మూడడుగులు పోయి గోడకు గుద్దుకుంది. వాడు దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర వాడు కనిపించలేదు. చెక్క ముక్కల కోసం వంటగది వెనక వెతుక్కుంటున్నాడు.