అమ్మమ్మ చూసింది, మేం చూడలేదు

మేముండే టాంపా నుంచి బ్రాడెంటన్‌కు కారులో గంట ప్రయాణం. నిక్ బొలెట్టియెరీ 1978లో ప్రారంభించిన టెన్నిస్ అకాడమీ అక్కడే ఉంది. పిల్లలను అక్కడే ఉంచి, పగలంతా బంతి కొట్టించి తర్ఫీదు ఇచ్చేవారు. ఆండ్రీ అగస్సీ, జిమ్ కూరియర్, మోనికా సెలెస్ అక్కడ ఆడి పైకి వచ్చినవారే. ముగ్గురూ ప్రపంచంలో మొదటి స్థానం అందుకున్నారు. ఇంత దగ్గరలో ఇంత వింత జరిగిందంటే ఏ తల్లిదండ్రుల మనసు ఊరుకుంటుంది? మాదీ ఊరుకోలేదు.

మా అమ్మాయిని 11వ ఏట మా పేటలోని ఒక క్లబ్బులో చేర్చాం. ఛాంపియన్లను తయారు చేస్తామన్నారు. వారానికి 6 గంటలతో మొదలై, ఏడాది తిరిగేసరికి 18 గంటలైంది. ఒకే దెబ్బ వందసార్లు కొట్టించడం మాకు వింతగా తోచలేదు. విజయవాడ హాస్టళ్లలో తెల్లవారుజామున లేచి బిట్లు బట్టీపట్టి, 2004లో ఎంసెట్ రాసి డాక్టర్లమైనవాళ్లం కదా!

పోయిన వేసవిలో తెనాలి నుంచి అమ్మమ్మగారు వచ్చారు. మొదటి రాత్రే భోజనాల దగ్గర, "ఏమే, పిల్ల ఎడంచేత్తో తింటోందేమిటే?" అని కూతుర్ని అడిగారు. ఇంట్లో ఇద్దరం డాక్టర్లం. ఇద్దరం గమనించలేదు.

రెండు నెలలుగా మోచెయ్యి నొప్పట. ఎందుకు చెప్పలేదంటే, "మీరు బాధపడతారని" అంది.

ఎదిగే పిల్లల ఎముక చివర గ్రోత్ ప్లేట్ ఇంకా గట్టిపడి ఉండదు. సర్వీసు కొట్టిన ప్రతిసారీ కండరాలు దాన్ని లాగుతాయి. అందుకే బిడ్డ వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి ఆడించవద్దనీ, వారంలో ఒకటి రెండు రోజులు సెలవివ్వాలనీ వైద్యుల సలహా. మేమే ఎందరికో చెప్పాం. మా ఇంట్లో మాత్రం ఆ లెక్క చూసుకోలేదు.

నొప్పి ఓర్చుకోవడమూ శిక్షణే అన్నారు క్లబ్బువారు. వారినే అని లాభం లేదు, నెలనెలా చెక్కు రాసింది మేమే. 13వ ఏట తండ్రి బ్రాడెంటన్ పంపిన అగస్సీ, తనకు టెన్నిస్ అంటే ద్వేషమని 2009లో ఆత్మకథలో రాసుకున్నాడు. అది చదివి అయ్యో అనుకున్నవాళ్లమే మేం!

మూడు నెలలు రాకెట్టు అటకెక్కింది. మొన్న తనే దించమంది. ఇప్పుడు వారానికి 8 గంటలు, అదీ తను అడిగితేనే. ఛాంపియన్ అవుతుందో లేదో చెప్పలేం. కుడిచేత్తో అన్నం కలుపుకుంటోంది.

మీ ఇంట్లోనూ రాకెట్టో, వయొలినో ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లల చేతుల వంక ఒకసారి చూడండి.