గజసాహిణి గజ్జెల లెక్క

ఓరుగల్లు కోటకు పోయేవారు పెద్ద బురుజులనూ దర్బారు హాళ్లనూ ఊహించుకొని పోతే నిరాశ తప్పదు. వరంగల్లు స్టేషను నుండి అట్టే దూరం లేదు. మట్టికోట దాటి, రాతికోట దర్వాజాలో మలుపులు తిరిగి లోపలికి వెడితే ఇళ్లు, పొలాలు, బర్రెలు, బడికి పోయే పిల్లలు కనిపిస్తారు. అది ఇప్పటికీ కాపురాలున్న ఊరు. ఊరి నడుమ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ద్వారాలు నిలిచాయి గాని, వాటి మధ్యనుండిన స్వయంభూదేవుని గుడి మాత్రం రాళ్ల కుప్పయింది. 2014లో తెలంగాణ రాజముద్రకు ఎక్కిన తోరణం ఇదే.

ఆ రాళ్ల మధ్య నిలబడితే నాకు రాజులకన్న ఒక ఉద్యోగి ఎక్కువగా గుర్తుకు వస్తాడు. పేరు జాయప. దివిసీమవాడు. అతని అక్కచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను గణపతిదేవ చక్రవర్తి వివాహమాడాడు. బావగారి కొలువులో జాయపకు దక్కిన పని ఏనుగుల దండుకు నాయకత్వం. గజసాహిణి అని బిరుదు. ఏనుగుల మధ్య బతికిన ఈ మనిషి గుండామాత్యుని వద్ద నాట్యం నేర్చాడు. 1253-54లో ‘నృత్తరత్నావళి’ అనే గ్రంథం పూర్తిచేశాడు. 1213 నాటికే చేబ్రోలులో శాసనం వేయించినవాడు గనుక, గంటం పట్టేనాటికి తల నెరిసి ఉండాలి.

గ్రంథం సంస్కృతంలో ఉన్నది. తెలుగులో వ్రాసి ఉంటే ఎంత బాగుండేది! అయినా విషయం మాత్రం మన వీధులదే. ముందు సగం శాస్త్రం. తరువాత జనం ఆడే దేశి నృత్తాలు. కోలలతో ఆడేది, బంతితో ఆడేది, వేషాలు వేసి నవ్వించేది, అన్నీ ఉన్నాయి. పేరణి సంగతి చూడండి. మనం దానిని యుద్ధానికి పోయే వీరుల తాండవమనే వింటాము. జాయప చెప్పిన పేరణిలో గజ్జెల పలుకును అదుపులో పెట్టే ఘర్ఘరం ఉన్నది, ఒళ్లు విరిచే కష్టమైన విన్యాసాలున్నాయి, వాటితోపాటు వికటంగా అనుకరించి సభను నవ్వించడమూ ఉన్నది. వీరుడికి హాస్యం తెలియకూడదని ఆ సేనాని అనుకోలేదు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు చిక్కింది. ఆడినవారి పేర్లు మనకు దక్కలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో నటరాజ రామకృష్ణగారు పేరణిని మళ్లీ రంగం ఎక్కించదలచినప్పుడు ఆయనకు ఆధారమైనవి రెండు: ఈ పుస్తకం, రామప్ప గుడి శిల్పాలు. ఏ ఒక్కటి పోయినా ఆ పని ఎంత కష్టమయ్యేదో!

కోట చూచిన మరునాడు రామప్పకు కూడా ప్రయాణం పెట్టుకోండి. ఆ గుడి శాసనమూ 1213 నాటిదే. స్తంభాల మీద మద్దెల వాయించేవాళ్లనూ, కాలెత్తి నిలిచినవాళ్లనూ తీరికగా చూడండి. పిల్లలుంటే గజ్జెలు లెక్కపెట్టమనండి.