విరేచనాలు ఆగినంత మాత్రాన...

పసిబిడ్డకు విరేచనాలు ఆగగానే ‘అల్‌హమ్దులిల్లాహ్’ అని ఊపిరి పీల్చుకుంటాము. కాని లోపల పేగు పొర మానిందా? కంటికి కనబడని ఆ గాయాన్ని కొలిచే పరీక్ష ఒకటున్నదని తెలిసి మేము ఆశ్చర్యపోయాము.

బిడ్డకు లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలు కలిపిన నీరు తాగించి, కొన్ని గంటలపాటు మూత్రం సేకరిస్తారు. మానిటాల్ అణువు చిన్నది. ఆరోగ్యవంతమైన పేగు దానిని సులువుగా పీల్చుకుంటుంది. లాక్టులోజ్ పెద్దది; పేగు కణాల మధ్య సందులు వదులైతేనే ఎక్కువగా లోనికి చొరబడుతుంది. మూత్రంలో మానిటాల్‌తో పోల్చితే లాక్టులోజ్ పాలు పెరిగితే పేగు దెబ్బతిన్నదని అర్థం.

ఇది ప్రధానంగా పరిశోధకుల పరీక్ష. ప్రతి ఇంటికీ అక్కరలేదు. అది తెలిపే సత్యం మాత్రం ప్రతి ఇంటికీ అవసరమే. విరేచనాలప్పుడు బిడ్డను పస్తుంచడం మా పెద్దల ఆచారం. వారి ప్రేమను మేము శంకించము. ఆ పద్ధతిని మాత్రం విడిచిపెట్టాము. గాయపడిన పేగు మానడానికి ఆహారమే ఆధారం. ఓఆర్‌ఎస్ తాగించాలి, తల్లిపాలు మాన్పరాదు, వైద్యుని సలహాతో జింక్‌ను 10 నుండి 14 రోజులు పూర్తిగా ఇవ్వాలి.

బిడ్డ మన చేతిలో అల్లాహ్ ఉంచిన అమానత్. విరేచనాలు ఆగినా ఆ బాధ్యత ఆగదు.