నూట ఎనిమిదిలో ఎన్నోది?

మొయినాబాద్ మండలం చిలుకూరు బాలాజీ గుళ్లో హుండీ లేదు. మొక్కు కాళ్లతోనే తీర్చాలి: కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. వీసాల కోసం వచ్చేవాళ్లు ఎక్కువై వీసా బాలాజీ అన్న పేరూ స్థిరపడింది.

అసలు తంటా లెక్కతోనే. అందుకే చేతిలో గళ్ల కాగితం, పెన్నూ. చుట్టు అయ్యాక ఒక గడి కొట్టెయ్యాలి. రద్దీలో పెన్ను జారిందా, చెమటకు కాగితం తడిసి అంకెలు అలుక్కుపోయాయా, అయిన చుట్లు 63 అని చెప్పే నాథుడుండడు. రేపో మాపో అమెరికాలో కోడింగ్ చేయబోయే కుర్రాడు ఆ గడుల ముందు బిక్కమొహం వేస్తాడు. పక్కన పెద్దావిడ మాత్రం అనుమానం వచ్చినప్పుడల్లా ఇంకో చుట్టు కలిపేసుకుని హాయిగా సాగిపోతుంటుంది.

మొక్కపాటి వారి నవలలోని బారిస్టర్ పార్వతీశం ఇంగ్లండుకు బయల్దేరినప్పుడు ఈ గడుల బెడద లేదు. అతని కొంప ముంచింది మోజుపడి కొన్న దొరసానుల టోపీ. తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుని నవ్వేది ఆ టోపీనే, బారిస్టరు చదువును కాదు.

ఇక మొయినాబాద్ మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు సంగతి. మర్రిచెట్లను కాపాడాలన్న పోరాటంతో దాని విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. చేవెళ్ల వైపు కూరగాయల బండి వెనక ఇరుక్కున్నవాడు చెట్లను తిట్టుకుంటూనే కారును వాటి నీడలోకి జరుపుతాడు. హారన్ మీంచి చెయ్యి మాత్రం తియ్యడు.