మిట్టపల్లాల నగరంలో ఒక ఆకుపచ్చ కారు

శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో రష్యన్ హిల్ అనే కొండ ఉన్నది. దానిమీద టేలర్ వీధిలో ఒక కూడలి వద్ద నిలబడి ఉత్తరంగా చూస్తే, ముందున్న రోడ్డు కాళ్ల దగ్గరే తెగిపోయినట్టు కనిపిస్తుంది. దూరాన నీలి అఖాతం, దాని నడుమ ఆల్కట్రాజ్ దీవి. మధ్యలో ఉండవలసిన వీధి మాత్రం కంటికి ఆనదు. అంత నిటారైన పల్లం అది. ప్రతి అడ్డవీధి వద్ద రోడ్డు కాస్త చదునుగా మారి, మళ్లీ కిందికి జారుతుంది. అందుచేత అక్కడ వేగంగా వచ్చిన మోటారు కారు ప్రతి కూడలిలోను నేల విడిచి ఎగురుతుంది.

1968లో దర్శకుడు పీటర్ యేట్స్ ఈ నేల స్వభావాన్ని గమనించి ‘బుల్లిట్’ చిత్రంలో వాడుకున్నాడు. అందులో స్టీవ్ మెక్వీన్ పోలీసు అధికారి. అతని వాహనం ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్. మితమైన శరీరంలో 325 అశ్వశక్తుల భారీ ఇంజను దాచుకున్న ఇటువంటి బండ్లను అమెరికనులు ‘మజిల్ కారు’ అంటారు. హంతకుల నల్లని డాడ్జ్ చార్జర్‌ను అది తరిమే ఘట్టం దాదాపు 11 నిమిషాలు సాగుతుంది. తరుము మొదలు కాగానే సంగీతం ఆగిపోతుంది; ఇంజను హోరు, టైర్ల కీచుమనే శబ్దం తప్ప మరేమీ వినిపించవు. మెక్వీన్ ఒకచోట మలుపు దాటిపోయి, పొగలు చిమ్ముతూ వెనక్కి వస్తాడు. అది అనుకోని పొరపాటే. దానిని తీసివేయకుండా ఉంచిన కూర్పరి ఫ్రాంక్ కెల్లర్‌కు ఆస్కార్ బహుమతి లభించింది.

అయితే ఆ దారిని వెతుకుతూ వెళ్లిన యాత్రికుడికి ఆశాభంగం తప్పదు. నగరానికి ఆగ్నేయాన ఉన్న పొట్రెరో హిల్‌లో మలుపు తిరిగిన కారు, తెరమీద మరుక్షణమే కొన్ని కిలోమీటర్ల అవతలనున్న రష్యన్ హిల్‌లో తేలుతుంది. ఒకే ఆకుపచ్చ వోక్స్‌వాగన్ మళ్లీ మళ్లీ దారిలో ఎదురవుతుంది. చార్జర్ చక్రాలనుంచి ఊడిపడిన మూతలు లెక్కిస్తే నాలుగుకు మించుతాయి! వీధులన్నీ నిజమైనవే, వాటిని కలిపిన దారి మాత్రం కత్తెర సృష్టి.

చిత్రానికి రెండు మస్టాంగులు వాడారు. దూకుళ్లన్నీ భరించిన కారు పాత ఇనుము కిందకు పోయింది. అది నశించిందనే చాలాకాలం లోకం నమ్మింది. 2017లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో దాని మొండెం బయటపడింది. మెక్వీన్ ఎక్కువగా నడిపిన రెండవ కారు చేతులు మారుతూ, 1974లో న్యూజెర్సీలోని ఒక బీమా ఉద్యోగికి సుమారు 6,000 డాలర్లకు దక్కింది. ఆయన భార్య ఉపాధ్యాయిని. ప్రపంచమంతా వెతుకుతున్న ఆ కారులోనే ఆమె బడికి వెళ్లివచ్చేవారు.

1977లో మెక్వీన్ ఆ గృహస్థుకు ఉత్తరం వ్రాశాడు. కారు తనకు తిరిగి కావాలనీ, ధర మరీ ఎక్కువ కాకుంటే కొంటాననీ మర్యాదగా అడిగాడు. వారు అమ్మలేదు. అంతటి నటుడు అడిగినా ఇవ్వకపోవడం మొండితనమే కావచ్చు. కాని అది వారికి జ్ఞాపిక కాదు, ఇంటి బండి. 1980లో క్లచ్ పాడై కారు నిలిచిపోయింది. అదే ఏడాది నవంబరులో మెక్వీన్ కన్నుమూశాడు. ఆ తరువాత దాదాపు 38 ఏళ్లపాటు కారు లోకం కంట పడలేదు. ఇల్లు మారితే వారితోపాటు అదీ మారింది. బాగుచేసుకుందామని తండ్రీ కొడుకులు అనుకుంటుండగానే 2014లో తండ్రి మరణించాడు.

2018 జనవరిలో డెట్రాయిట్ మోటారు ప్రదర్శనలో కొడుకు ఆ కారును జనం ముందుకు తెచ్చాడు. మెరుగుపెట్టించలేదు, కొత్త రంగు వేయించలేదు. చిత్రీకరణకు కెమెరా బిగించిన గుర్తులు దాని ఒంటిమీద అలాగే ఉన్నాయి; నిపుణులు దానిని పోల్చుకోవడానికి అవీ ఆధారమయ్యాయి. 2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిస్సిమీలో జరిగిన వేలంలో పాట 34 లక్షల డాలర్ల వద్ద ఆగింది. రుసుముతో కలిపి 37 లక్షల 40 వేలు. కొన్నవారు తమ పేరు చెప్పలేదు.